రెండో గొలుసు

జనవరి 14

బస్సులో ఉండగా డీసా ఫోన్. వాళ్ల పాప ఊనా జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిందట.

"అక్కా, చదువుతాను. మనుషుల భాషలో చెప్పు," అంది చెల్లి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. కొవ్వును కరిగించి ఒంటికి శక్తినిచ్చే ఎంజైమ్ ఒకటుంది. ఊనాకి దాని జన్యువులో ఒక మార్పు. రెండు కాపీల్లోనూ అదే. ఒకటి డీసా ఇచ్చింది, ఒకటి ఐవర్ ఇచ్చాడు. ఆర్జినైన్ అనే అమినో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లుటమిన్ అనే ఇంకోటి పడింది. అడుగున ఒకే వాక్యం: ఈ మార్పు వల్ల ఏమవుతుందో తెలియదు.

"తెలియదంటే ఏంటక్కా?"

"తెలియదనే. ఇంతకుముందు ఎవరిలోనూ కనబడలేదు."

"ఆ ముక్క చెప్పడానికా నా బిడ్డ దగ్గర అంత రక్తం తీశారు?"

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. విన్నిపెగ్ చలిలో, మైనస్ ముప్ఫైలో వెనక్కి నడిచాను. కనురెప్పలు అంటుకుపోయాయి.

మొగుడికీ పెళ్లానికీ ఒకే మార్పు ఉండటం వింతేం కాదు. ఇద్దరూ సాండ్‌విక్ వాళ్లే. ఐస్‌లాండ్ నుంచి వచ్చి ఆ సరస్సు ఒడ్డున దిగిన గుప్పెడు కుటుంబాలే మా ఊరంతా. ఎవరి గడప తొక్కినా ఏదో ఒక వరస తేలుతుంది.

జనవరి 15

నవంబరు గుర్తొస్తూనే ఉంది. పిల్లకి కాస్త జ్వరం. ఒక పూట తిండి తినలేదు. పడుకుంది, ఇక లేవలేదు. హాస్పిటల్లో చక్కెర ఎక్కించాక కళ్లు తెరిచింది. రెండేళ్ల పిల్ల.

అప్పట్నుంచి డీసా రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేస్తోంది. కడుపు ఖాళీగా ఉంటే చక్కెర పడిపోతుందని నిద్రలోనే పిల్లకి మొక్కజొన్న పిండి కలిపిన పాలు పట్టిస్తోంది. కారణం తేలేదాకా ఆ పాలు ఆపొద్దని డాక్టర్ లిప్‌మన్ గట్టిగా చెప్పింది. ఐవర్ చీకటితోనే లేచి సరస్సు మీద మంచు తొలిచి వలలు వేయడానికి వెళ్తాడు. పాల పని డీసా ఒక్కదానిదే. మొన్న వాళ్లింటికెళ్తే నిలబడే కునుకు తీస్తోంది, చేతిలో గరిటె అలాగే ఉంది.

ఆ ఎంజైమ్ కూడా ఒక ప్రోటీనే, దాని ఆకారం ఎవరో ఎప్పుడో తీసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఫైలు దించుకున్నాను. చూస్తాను.

జనవరి 18

చూశాను.

డీసా అడిగింది, "నువ్వు రోజంతా ఆ కంప్యూటర్లో చూసేదేంటక్కా?" అని. ఇన్నేళ్లలో ఇప్పుడు అడిగింది. చెప్పాను: ప్రోటీన్ అంటే పూసల గొలుసు. గుప్పిట్లో నలిపి పెట్టినట్టు ముడుచుకుని ఉంటుంది. అలా ముడుచుకున్నప్పుడు ఎక్కడెక్కడి పూసలో దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ తాకిడి వల్లే అది నిలబడుతుంది. ఏ పూస ఏ పూసని తాకుతోందో, ఎంత గట్టిగా పట్టుకుందో చూడటం నా పని. ఎక్కువమందిని పట్టుకున్న పూసని మారిస్తే ఇల్లు కూలుతుంది. ఎవరినీ పట్టుకోనిదాన్ని మారిస్తే ఏం కాదు.

"మరి ఊనా పూస?"

"చూసి చెబుతా."

పైన ఉంది. అంచు మీద. పక్కనున్న రెండు పూసల్ని తప్ప ఎవరినీ తాకడం లేదు. గాల్లోకి చెయ్యి చాపినట్టుంది. నా ప్రోగ్రామ్‌ని మళ్లీ నడిపాను, తాకినట్టు లెక్క కట్టే దూరం హద్దు కాస్త పెంచి కూడా చూశాను. ఎవరూ లేరు.

ఫైల్లో ఒక గొలుసే ఉంది. చాలు.

చాలా హాయిగా ఉంది. ఇంత ఆకలేసి ఎన్నాళ్లయింది!

జనవరి 19

సాండ్‌విక్ వెళ్లాను. అమ్మ పొగపెట్టిన చేప, రొట్టె, ఆ మీద ప్రూన్ పళ్ల కేకు. వద్దంటున్నా మూడోసారి వడ్డించింది. ఎవరి కంచం ఖాళీ అయినా అమ్మకి కాలూ చెయ్యీ ఆడదు.

రిపోర్టు గురించి చెప్పాను.

"మన వైపు అలాంటిదేం లేదు," అంది, నేను ముగించకముందే. "మా అమ్మ తొంభై నాలుగేళ్లు బతికింది. మా నాన్న పడవ బోల్తా పడి పోయాడు గానీ లేకపోతే ఇంకా ఉండేవాడు. ఐవర్ వాళ్ల వైపు చూడమను."

"రెండు వైపుల నుంచీ వచ్చిందమ్మా."

"అయితే ఆ పరీక్షే తప్పు."

కెటిల్ పొయ్యి మీద పెట్టడానికి లేచింది. కెటిల్ అప్పటికే పొయ్యి మీదుంది.

స్టేనీ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరి 20

తమ్ముడు స్టేనీ పోయింది జ్వరంతో. అందరూ అదే అన్నారు. నాకప్పుడు నాలుగేళ్లు, వాడికి రెండు. చలికాలం. జ్వరమే.

జనవరి 22

మధ్యాహ్నం ఆడెలార్ నా బల్ల దగ్గర ఆగాడు. రిటైరయ్యాక కూడా వారానికి మూడు పూటలు ల్యాబుకొచ్చి ప్రోటీన్ స్ఫటికాలు పెంచుకునే పెద్దాయన. ఇక్కడి ఫ్రెంచివాళ్ల పేట సెయింట్ బోనిఫాస్ యాసలో అందర్నీ ఆటపట్టిస్తుంటాడు.

"ఏంటమ్మాయ్, కొత్త ప్రియుడా? నన్ను చూడగానే తెర మూసేశావు."

"పాత లెక్కలేనండీ."

"పాత లెక్కలకి బుగ్గలు ఎర్రబడవు."

నవ్వేసి ఊరుకున్నాను. ఎందుకు మూశాను? మా ఇంటి విషయం కదా, అందుకని.

జనవరి 26

డీసాకి చెప్పాను. వంటింట్లో, ఊనా మా కాళ్ల మధ్య చెక్క చెంచాతో గిన్నె వాయిస్తుండగా.

"ఏం కాకపోవచ్చు," అన్నాను.

"ఏం కాదా?"

"కాకపోవచ్చు. ఆ పూస ఎవరినీ పట్టుకుని లేదు. కారణం ఇంకేదో అయ్యుంటుంది, లేదా ఆ రోజు ఒట్టి వైరస్ జ్వరమే అయ్యుంటుంది."

డీసా స్టూలు మీద కూలబడింది. కొంగు లేని పిల్ల కాబట్టి గిన్నెలు తుడిచే గుడ్డతోనే మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఊనా వాయించడం ఆపి వాళ్లమ్మ మోకాలు నిమిరింది.

ఐవర్ వచ్చి, వేళ్లకి అంటిన మంచు విదిలిస్తూ, "వదినా, నీ నోట్లో చక్కెర పొయ్య!" అన్నాడు. పోశాడు కూడా, టీలో నాలుగు చెంచాలు.

ఫిబ్రవరి 2

డీసా ఫోన్లో నవ్వింది. తెల్లారేదాకా నిద్రపోయిందట. గొంతే మారిపోయింది.

పాల సంగతి నేను అడగలేదు.

ఫిబ్రవరి 5

అడగాలి.

ఫిబ్రవరి 11

హాస్పిటల్.

ఫిబ్రవరి 12

కళ్లు తెరిచింది. "బూట్లు," అంది. బూట్లు కావాలట. నర్సు తొడిగింది. ఇప్పుడు మంచం మీద రబ్బరు బూట్లతో పడుకుని ఉంది, చేతికి సూది.

ఊళ్లో అందరికీ ఫ్లూ. ఊనాకి సోమవారం నుంచి ముక్కు కారుతోందట. సాయంత్రం కాస్త సూప్ తాగి పడుకుంది. పొద్దున డీసా లేపబోతే తల వాలిపోయింది. ఐవర్ సరస్సు మధ్యలో ఉన్నాడు, ఫోన్ అందలేదు. అంబులెన్స్ కోసం ఆగకుండా డీసానే పిల్లని కారులో వేసుకుని బయల్దేరింది. సగం దారిలో అంబులెన్స్ ఎదురొచ్చింది.

డాక్టర్ లిప్‌మన్ పొట్టిగా ఉంటుంది, పెద్దగా మాట్లాడదు. "రాత్రి పాలు తాగిందా?" అని అడిగింది.

డీసా నా వైపు చూడలేదు. "లేదండీ. వారం పైగా ఇవ్వడం లేదు," అంది.

డాక్టర్ రాసుకుంది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఫిబ్రవరి 13

కాఫీ మెషీను దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"నా వల్లే," అన్నాను. "ఏం కాదని చెప్పాను."

"కాకపోవచ్చు అన్నావు," అంది డీసా. "రెండుసార్లు అన్నావు. నేను విన్నాను. విననట్టు నటించాను."

"నేను చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పింది నువ్వని కాదక్కా నేను నమ్మింది. నాకు నిద్ర కావాలి, అందుకని నమ్మాను. ఎవరైనా ఆ మాట అనాలని కూచున్నాను. నువ్వన్నావు."

కప్పు అందుకుని మళ్లీ తనే అంది: "నీ మీద కోపం లేదని చెప్పను. ఉంది. చాలా ఉంది. కానీ ఇప్పుడు నీ ఏడుపు కూడా నేను మోయలేను. నీకు తెలిసింది ఆ పని ఒక్కటే కదా, పోయి అదేంటో సరిగ్గా చూసుకురా. ఇక్కడ నిలబడి నా కాఫీ చల్లార్చకు."

వెళ్లాను.

ఫిబ్రవరి 14

ఆడెలార్ ముందు తెర తెరిచి పెట్టాను. అంతా చెప్పాను. పిల్ల పేరుతో సహా.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆటపట్టించలేదు. తెర మీద ఆ పూసని వేలితో చూపించాడు.

"ఇది చెయ్యి చాపింది ఎవరి కోసం?"

"ఎవరూ లేరు."

"ఫైల్లో లేరు." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మాయ్, ఈ ఎంజైమ్ ఒంటరిగా బతుకుతుందా?"

బతకదు, జంటగానే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొట్టమొదటి రోజు నేను చెప్పే పాఠమే ఇది. ప్రోటీన్ ఆకారాన్ని దాని స్ఫటికం నుంచి తీస్తారు, ఆ స్ఫటికంలో అదే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, ఫైల్లో ఒక్క ముక్కే రాసి పెడతారు. మిగతావాటిని అక్కడ రాసిన సూత్రం ప్రకారం మనమే పక్కన పేర్చుకోవాలి. పేర్చకుండా ఎవరు ఎవరిని తాకుతున్నారో లెక్క కడితే సగం కుటుంబాన్ని వదిలేసి ఇంటి ఫొటో తీసినట్టే.

పేర్చాను. చిన్న ఆజ్ఞ, ఒక్క వరస. రెండో గొలుసు వచ్చి మొదటిదాని పక్కన కూచుంది.

గాల్లో ఉన్న చెయ్యి గాల్లో లేదు. పక్క గొలుసు లోపలికి వెళ్లి అక్కడి పూస ఆస్పర్టేట్‌ని గట్టిగా పట్టుకుని ఉంది. దీనిది ధన ఆవేశం, దానిది ఋణ ఆవేశం, అయస్కాంతంలా అంటుకున్నాయి. రెండో వైపు కూడా అంతే. వాళ్లది వీళ్లని, వీళ్లది వాళ్లని. గ్లుటమిన్‌కి ఆ ఆవేశం లేదు. అది పెడితే ఆ పట్టు వదులైపోతుంది.

"ఇది నీకు తెలుసు," అన్నాడు ఆడెలార్.

"తెలుసు."

"మరి?"

"మరిచిపోయాను."

నా వైపు తిరిగాడు. "మరిచిపోలేదులే," అన్నాడు మెల్లగా. "నేను కూడా నా భార్య ఎక్స్‌రేలు చూసి, ఆ మచ్చ ఫిల్ము మీద మరక అని ఆరు వారాలు వాదించాను. రోజూ ఎక్స్‌రేలతో బతికినవాణ్ణి." తర్వాత మామూలు గొంతుతో, "సరే, ఏడవడం అయ్యాక ఇటు చూడు. ఆ పట్టు పక్కనే ఏముందో చూశావా?" అన్నాడు.

చూశాను. పట్టుకున్న చోటికి ఆనుకునే చిన్న గూడు. ఆ గూట్లో పసుపుపచ్చగా, విటమిన్ బి2 నుంచి తయారయ్యే సహాయకుడు కూచుని ఉన్నాడు. అది లేకుండా ఈ ఎంజైమ్ పని చేయదు. గూటికి ఒక గోడ ఈ గొలుసుది, ఇంకో గోడ ఆ గొలుసుది. పట్టు వదులైతే గోడ కదులుతుంది, విటమిన్ జారిపోతుంది.

"జారిపోయేదాన్ని నిలబెట్టాలంటే ఏం చేస్తావు?" అని అడిగాడు.

"ఇంకా ఎక్కువ పోస్తాను."

అంటే, పిల్లకి బి2 ఎక్కువగా ఇస్తే.

నెల రోజులుగా ఈ మార్పు మంచిదని తేలాలని కోరుకున్నాను. చెడ్డదని తేలినందుకు ఇవాళ బాత్రూంలోకి వెళ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఫిబ్రవరి 15

శనివారం అయినా డాక్టర్ లిప్‌మన్ వచ్చింది. బొమ్మ చూపించాను. ముందు నా తప్పు చెప్పాను, తర్వాత రెండో గొలుసు చూపించాను.

"మీ బొమ్మ నమ్మి మందు రాయలేను," అంది.

"తెలుసండీ. ల్యాబులో ఆ ప్రోటీన్ తయారుచేసి చూస్తాం. నెలపైన పడుతుంది."

"ఆగండి, నేను ముగించలేదు. బొమ్మ నమ్మి రాయను. కానీ ఇది విటమిన్. ఈ జాతి జబ్బుల్లో కొందరికి పనిచేస్తుందని మాకు ముందే తెలుసు. ఈ మోతాదులో పిల్లకి హాని లేదు. మీరు తేల్చేదాకా నేనెందుకు ఆగాలి?" పెన్ను తీసింది. "రాత్రి పాలు మాత్రం ఆగవు. నేను ఆపమనేదాకా ఎవరు చెప్పినా, కల్లో దేవుడొచ్చి చెప్పినా ఆపరు. అర్థమైందా?"

ఈసారి డీసా, నేను ఒకేసారి తలూపాం.

పాల డ్యూటీ పంచుకున్నాం. ఐవర్ వారంలో రెండు రాత్రులు, నేను శుక్ర శని. ముందే పంచుకోవాల్సింది. ఎవరికీ తట్టలేదు, డీసా అడగలేదు.

ఫిబ్రవరి 18

ఐవర్ ఫోన్: "వదినా, ఇదేంటి, పిల్ల డయపరు టార్చిలైటులా మెరుస్తోంది!"

"బి2 అంతే. ఒంటికి ఎక్కువైంది అలా పోతుంది."

"చీకట్లో మార్చినా కనబడుతోంది. కరెంటు ఆదా."

వెనకనుంచి డీసా నవ్వు వినబడింది. నాతో మాట్లాడలేదు. కానీ నవ్వు వినబడింది.

ఫిబ్రవరి 27

రక్తపరీక్ష. పేరుకుపోయే కొవ్వు ముక్కలు తగ్గాయట. "తగ్గాయి" అన్నదే గానీ డాక్టర్ లిప్‌మన్ ఇంకేం అనలేదు. ఆమె కూడా ఆశ పడుతోంది, దాచుకుంటోంది. గొంతులో తెలిసిపోయింది.

ఇవాళ డీసా, "తిన్నావా?" అని అడిగింది. పూర్తిగా అమ్మ గొంతు.

మార్చి 9

స్టేనీ సంగతి డాక్టర్ లిప్‌మన్‌కి చెప్పాను. అమ్మని అడగమంది, అడిగాను. సాండ్‌విక్‌లో, అమ్మ వంటింట్లో.

"అమ్మా, స్టేనీ పోయినప్పుడు హాస్పిటల్లో చిన్న ముక్క తీసి దాచారట. మైనంలో పెట్టి. ఇంకా ఉందట. అందులో చూస్తే..."

"వద్దు."

"ఊనాకి ఉన్నదే వాడికీ ఉందేమో తెలుస్తుంది."

"వద్దన్నానా! వాణ్ణి మళ్లీ కదపొద్దు."

నేను లేచాను. అమ్మ సింకు వైపు తిరిగి నిలబడి, నాకు వీపు చూపిస్తూ మాట్లాడింది. ముప్ఫై ఏడేళ్లలో మొదటిసారి.

"వాడు ఆ సాయంత్రం తినలేదు. నోరు తెరవలేదు. నేను విసుగెత్తి, సరే, ఆకలేస్తే పొద్దున తింటావులే అని పడుకోబెట్టాను. మీ అత్త అడిగింది, పిల్లాణ్ణి ఖాళీ కడుపుతో ఎలా పడుకోబెట్టావు అని. పదిమందిలో అడిగింది. నేనేం చెప్పను? పడుకోబెట్టాను."

కారులో కూచుని చాలాసేపు ఇంజన్ వేయలేదు. మూడోసారి వడ్డన. ఖాళీ కంచం. ఇన్నేళ్లూ నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. ప్రేమే. దానితోపాటు ఇది కూడా.

మార్చి 14

ప్రోటీన్ వచ్చింది. మామూలుది ఒక వరసలో, ఊనాది ఒక వరసలో పెట్టి మెల్లగా వేడి చేశాం. ఊనాది ముందే విచ్చుకుపోయింది. విటమిన్ సహాయకుణ్ణి ఎక్కువగా కలిపి మళ్లీ వేడి చేశాం. నిలబడింది. మామూలుదంత గట్టిగా కాదు గానీ నిలబడింది.

ఆడెలార్ గ్రాఫు కాగితం మీద అచ్చు తీసి నా చేతిలో పెట్టాడు. "గోడకి అంటించుకో. మీ పిల్లది మొదటి ఫొటో ఇది, అందంగా వచ్చింది," అన్నాడు.

మార్చి 16

అమ్మ తనే ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

మార్చి 22

ఊనాకి జలుబు. జ్వరం కూడా. శుక్రవారం నా వంతు కాబట్టి నేను అక్కడే ఉన్నాను. పాలు పట్టాను, తాగింది, సగం కక్కింది. అందరం హాస్పిటల్ బ్యాగు గుమ్మంలో పెట్టుకుని కూచున్నాం.

తెల్లారింది. నేను సోఫాలో కునుకు తీస్తున్నట్టున్నాను. ముక్కు మీద ఏదో తగిలింది. కళ్లు తెరిస్తే ఊనా మొహం నా మొహానికి అంగుళం దూరంలో ఉంది. ముక్కు కారుతోంది, జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. తనంతట తనే లేచింది. తనంతట తనే మంచం దిగింది.

"ఆకలి," అంది, విపరీతమైన కోపంగా.

డీసాని పిలవబోయాను. పిలవక్కర్లేదు, గుమ్మంలో నిలబడే ఉంది. ముగ్గురం ఓట్స్ జావ తిన్నాం, ఊనా మూడుసార్లు పెట్టించుకుంది. డీసా నా భుజం మీద తల ఆనించింది. "కోపం ఇంకా కొంచెం ఉంది," అంది.

"ఉండనీ."

"కొంచెమేలే."

ఏప్రిల్ 24

స్టేనీది వచ్చింది. అదే మార్పు. రెండు కాపీలూ.

అమ్మకి ఫోన్లో చెప్పకూడదనుకున్నాను. రేపు వెళ్తాను.

ఏప్రిల్ 25

మెట్ల మీద కూచోబెట్టి చెప్పాను. చలి తగ్గింది, కానీ అమ్మ కోటు వేసుకునే ఉంది. గొలుసుల గురించీ, పట్టు గురించీ చెప్పలేదు. ఇది మాత్రం చెప్పాను: "అమ్మా, వాడి ఒంట్లో కొవ్వుని మండించే పొయ్యి పుట్టుకతోనే పాడైంది. ఆ రాత్రి నువ్వు తినిపించి ఉన్నా, ఇంకో జ్వరంలో అలాగే జరిగేది. ఆ రోజుల్లో ఇది ఎవరికీ తెలియదు. ఏ డాక్టరుకీ తెలియదు."

అమ్మ చేతి తొడుగులు తీసింది, మళ్లీ తొడుక్కుంది.

"నాలోనూ ఉంది కదా ఇది. నేనిచ్చిందే కదా."

"నువ్వొకటి, నాన్నొకటి. మీకు తెలియకుండా. నాలోనూ ఉండొచ్చు. ఊళ్లో చాలామందిలో ఉండొచ్చు."

"మరయితే మీ అత్తలో కూడా ఉంటుందా?"

"ఉండే అవకాశం ఉంది."

"దాన్ని కూడా పరీక్ష చేయించుకోమను," అంది అమ్మ. గడ్డం పైకెత్తింది. "పదిమందిలో చేయించుకోమను."

నాకు నవ్వొచ్చింది. అమ్మకీ వచ్చింది. తర్వాత ఏడ్చింది. నవ్వు వెంటే వచ్చింది ఆ ఏడుపు.

మే 10

డాక్టర్ లిప్‌మన్ సాండ్‌విక్ చేపల సహకార సంఘం హాల్లో శిబిరం పెట్టింది. లాలాజలం ఇవ్వడానికి ఊరంతా వచ్చింది. వరసలో నిలబడి ఈ ఏడాది పికెరల్ చేప రేటు గురించి తిట్టుకుంటూ గొట్టాల్లో ఉమ్మారు. ఐవర్ చెల్లెలికి ఏడో నెల. ముందుగా ఆమెతోనూ ఆమె భర్తతోనూ డాక్టర్ విడిగా మాట్లాడింది. ఆ బిడ్డకి అవసరమైతే మొదటి రోజు నుంచే విటమిన్ ఇస్తారట. ఆమె కడుపు మీద చెయ్యేసుకుని, "అంతేనా? విటమినేనా?" అని మూడుసార్లు అడిగింది.

ఊనా హాలంతా పరిగెత్తింది. రాత్రి పాలు ఇప్పుడు ఒక్కసారే. అదీ వేసవి దాటాక ఆపి చూద్దామంది డాక్టర్.

అమ్మ రెండ్రోజులు నా దగ్గర ఉంటానంది. కారులో విన్నిపెగ్ బయల్దేరాం. సరస్సు మీద మంచు ఒడ్డు నుంచి విడిపోయి నల్లటి నీళ్లు కనిపిస్తున్నాయి. రేడియో పెట్టబోయాను. అమ్మ ఆపేసింది. మాట్లాడటం మొదలుపెట్టింది. రోడ్డు వైపే చూస్తూ, నన్ను అడక్కుండా, ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయింది.

స్టేనీకి బాతులంటే భయం, కానీ ఆవులంటే లేదట. నాన్న గడ్డం పట్టుకుని లాగి పారిపోయేవాడట. స్నానం అంటే ఇల్లు ఎగిరిపోయేదట. మంచులో పడితే ఏడవకుండా, పడ్డ చోటే కూచుని ఎవరైనా చూసేదాకా ఎదురుచూసేవాడట. సరిగ్గా మాటలు రాలేదు, కానీ పాటలు పాడేవాడట, మాటల్లేని పాటలు. నవ్వితే ఎక్కిళ్లు వచ్చేవట.

"నీ పేరు పలకలేకపోయేవాడు," అంది అమ్మ, విన్నిపెగ్ దగ్గరికొచ్చాక. "సోల్వెయ్ అనడం రాదు. వేవే అనేవాడు. పొద్దున కళ్లు తెరవగానే వేవే, వేవే అని నీ మంచం దగ్గరికి వచ్చేవాడు."

"నాకు గుర్తులేదమ్మా."

"నాకుంది," అంది.

అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. వేవే. పైకి అని చూసుకున్నాను.